పొద్దున్న సౌండా, వేడెక్కాక సౌండా

మస్కట్ గ్యారేజీకి వచ్చి ఎనిమిది నెలలయింది, ఫోర్‌మన్ నా మీద గొంతెత్తింది మాత్రం మొన్నే. కేరళాయన, పెద్ద మనిషి. కస్టమర్ ఎదురుగానే ఇంజన్ మీద ఆయిల్ క్యాప్ తిప్పి నా చేతిలో పెట్టి చదవమన్నాడు. ఆ ఇంజన్‌కి పొయ్యాల్సిన ఆయిల్ గ్రేడు 5డబ్ల్యూ-30 అని ఉంది, నేను పోసింది దానికన్నా చిక్కటిది, 20డబ్ల్యూ-50.

ఎందుకు పోశానంటే ఆ కారు పొద్దున్న స్టార్ట్ చేస్తే పావుగంట సేపు టాపెట్ల దగ్గర, అంటే ఇంజన్ వాల్వుల్ని తోసే ముక్కల దగ్గర, టకటకమంటోంది, నేను నరసన్నపేట షెడ్డులో ఆరేళ్లు పని నేర్చుకున్నోడిని, సౌండొస్తే చిక్కటాయిల్ పోసీడమే అని చేతికి అలవాటైపోయింది. తెల్లారి చూస్తే సౌండ్ తగ్గలేదు సరికదా ఇంకాసేపు ఎక్కువే ఉంది.

ఆయిలంతా దింపించాక ఆయనే టీ ఇప్పించి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అందులో ఉన్నవి హైడ్రాలిక్ లిఫ్టర్లు, అంటే ఆయిల్ ప్రెజర్‌తో సందు వాటంతటవే సరిచేసుకునే టాపెట్లు, లోపల చిన్న ప్లంజరు కింద ఆయిల్ నిండితేనే వాల్వు దగ్గర సందు పోతాది, చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ అక్కడికి తొందరగా చేరాలి, నువ్వు పోసింది చల్లటప్పుడు దానికి రెండింతల పైనే చిక్కన అన్నాడు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం కదా సార్, ఇక్కడ చలేదీ అన్నాను. వంద డిగ్రీల దగ్గర తిరిగే ఆయిల్‌కి ముప్పై డిగ్రీల పొద్దున్న కూడా చలే అన్నాడు. గేజ్ పెట్టి చూస్తే వేడి మీద ఆయిల్ ప్రెజర్ బాగానే ఉంది, అంటే బేరింగులు అరగలేదు. పాత ఆయిల్ తారులాగ ఉండేది, ఆ జిగటకి ప్లంజరు పట్టేసినట్టుంది. కొత్త ఫిల్టరు, 5డబ్ల్యూ-30 వేసి వెయ్యి కిలోమీటర్లకి మళ్లీ మార్చుదాం రమ్మన్నాడు. పారబోసిన ఆయిల్ డబ్బులు నా జీతంలో కోయలేదు, అది నేను మర్చిపోను.

కానీ ఆ రాత్రి రూములో నిద్ర పట్టలేదు. మా గురువుగారు నాకు తప్పు నేర్పారా అని. తప్పెలాగవుతాది? మా దగ్గరకొచ్చేవి ఉద్దానం రోడ్ల మీద జనాన్నీ జీడిపిక్కల బస్తాలనీ మోసిన జీపులూ, ట్రెక్కర్లూ. వేడెక్కి ఐడిల్‌లోకొచ్చేసరికి ఆయిల్ లైటు మిణుకుమిణుకుమనేది. అలాంటి అరిగిన ఇంజన్‌కి ఒక గ్రేడు చిక్కన పోస్తే నిజంగానే ప్రెజర్ నిలబడతాది. ఇంజన్ విప్పి బోరు తీయించడానికి ఓనరు దగ్గర డబ్బులుండవు, జీడిపంట చేతికొచ్చేదాకా బండి తిరగాలి. పాత అంబాసిడర్‌కైతే ఆయన ఆయిల్ ముట్టుకునేవారే కాదు, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు పెట్టి టాపెట్ సందు సరిచేసేవారు. ఇక్కడోళ్లకి ప్రతి బండికీ పుస్తకం ఉంటాది, పార్టు అడిగితే సాయంత్రానికొచ్చేస్తాది, మా షెడ్డులో ఆయన చెవే పుస్తకం.

శుక్రవారం ఫోన్ చేశాను. జరిగింది మొత్తం చెప్పలేదు, లిఫ్టర్ల బండి గురువుగారూ, సౌండ్ వస్తోంది, ఏటి పొయ్యమంటారు అని మాత్రమే అడిగాను.

"పొద్దున్నొస్తోందా, వేడెక్కాకొస్తోందా బావూ?" అన్నారు.

ఆ మాట ఆరేళ్లూ ప్రతి బండి దగ్గరా ఆయన అడగ్గా విన్నాను, బండి ఓనరుని అడుగుతున్నారనుకున్నాను. పొద్దున్నే అన్నాను. "మరైతే పల్చనిదే ఉంచు, ముందర డిప్‌స్టిక్ చూడు, మట్టం తక్కువైనా ఎక్కువైనా లిఫ్టర్లోకి గాలెళ్లిపోతాది" అన్నారు.

వెయ్యి కిలోమీటర్లయ్యాక ఆ కారు మళ్లీ వస్తాది. పొద్దున్న మొదటి స్టార్ట్ ఫోన్లో రికార్డు చేసి ఆయనకి వినిపించాలి.