అమ్మ భాష, బడి భాష, ఇంకొకటి

పోయిన అక్టోబరులో ఒక సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, సంచీ సోఫాలో పడేసి, చెప్పులైనా విప్పకుండా అడిగింది: "అమ్మా, నువ్వూ నాన్నా ఎప్పుడైనా టెలిఫోన్ డైరెక్టరీలో పేర్లకు సున్నాలు చుట్టారా?"

తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో వాళ్ళకు బెంగాలీ అమెరికన్ రచయిత్రి ఝుంపా లాహిరి కథ ఒకటి పాఠంగా పెట్టారట. 1971 నాటి కథ. అమెరికాలో ఒక బెంగాలీ కుటుంబం. ప్రతి సెమిస్టరు మొదట్లోనూ యూనివర్సిటీ డైరెక్టరీ ముందు వేసుకుని, తమ వైపు పేర్లలా అనిపించిన వాటికల్లా సున్నా చుట్టి, వాళ్ళను భోజనానికి పిలుస్తారు. అలా దొరికినాయనే, అప్పటికింకా తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న ఢాకా నుంచి వచ్చిన పిర్జాదా. అక్కడ యుద్ధం జరుగుతోంది, భార్యా ఏడుగురు కూతుళ్ళూ అక్కడే ఉన్నారు. ఆయన జేబు గడియారం ఎప్పుడూ ఢాకా సమయమే చూపిస్తుంటుంది.

చుట్టాం అని చెప్పాను. 2003లో మసాచుసెట్స్ వచ్చిన కొత్తలో, కరెంటు స్తంభమంత బరువున్న డైరెక్టరీని అద్దె ఇంటి గుమ్మం ముందు పడేసి పోయేవారు. రావులు, రెడ్లు, ప్రసాదులు, మూర్తుల కోసం ఓ ఆదివారమంతా వెతికాం. ఒక మూర్తి గారికి ఫోన్ చేస్తే ఆయన మైసూరు వైపు కన్నడిగులని తేలింది. "అయితేనేం, ఉగాది మీకూ ఉంది, మాకూ ఉంది, రండి" అన్నారు. ఆ ఏడు మా ఉగాది వాళ్ళింట్లోనే.

మా అమ్మాయికి ఇది చాలా నచ్చింది. పుస్తకంలో ఉన్న పని ఇంట్లోవాళ్ళు కూడా చేశారని తెలిస్తే పిల్లలకు అదొక సంబరం. ఆ కథలో ఇంకో ఘట్టం కూడా ఉంది. కథ చెప్పే పదేళ్ళ పిల్ల బడి లైబ్రరీలో పాకిస్తాన్ గురించిన పుస్తకం తీసి చూస్తుంటే, టీచరు దాన్ని మళ్ళీ అరలో పెట్టేసి, అమెరికన్ విప్లవం పాఠం చదువుకోమని పంపేస్తుంది. మేమున్నది బోస్టన్‌కు గంట దూరం. ఇక్కడి పిల్లలకు ఆ విప్లవం ఉగ్గుపాలతో పోస్తారు. 1773 డిసెంబరులో బ్రిటిష్ పన్ను మీద కోపంతో బోస్టన్ రేవులో నీళ్ళపాలు చేసిన తేయాకు మన మచిలీపట్నంలో కొట్లు కట్టుకున్న ఈస్టిండియా కంపెనీదేనని మా అమ్మాయికి నేనే చెప్పాను. బడిలో దాని సంగతి ఎత్తలేదట.

లాహిరిని నేను చదివి ఇరవై ఏళ్ళు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఉద్యోగం చేయడానికి వీలులేని వీసా మీద, పగలంతా ఒంటరిగా ఉండేదాన్ని. ఊరి గ్రంథాలయంలో 'ది నేమ్‌సేక్' నవల దొరికింది. 2003లో వచ్చిన నవల, అప్పటికింకా కొత్తదే. మొదటి పేజీలోనే నిండు గర్భిణి ఆషిమ వంటింట్లో నిలబడి, ఇక్కడి పొద్దుటి పూట తినే బియ్యపు పేలాల డబ్బా విప్పి, వేరుశెనగ గుళ్ళూ ఉల్లిపాయ ముక్కలూ వేసి, ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి కలుపుకుంటుంది. కలకత్తా వీధుల్లో అమ్మే తిండికి అది నకలు. ఆవనూనె లేదే అని ఆమె బాధ. ఆ పూటే నేనూ అదే డబ్బా కొనుక్కొచ్చి పిడత కింద పప్పు చేసుకున్నాను. పేలాలు తియ్యగా ఉండి చెడింది కానీ, ఏడుస్తూ గిన్నె ఖాళీ చేశాను.

(ఆ నవలను మీరా నాయర్ సినిమా తీసినప్పుడు ఆషిమగా వేసింది మన హైదరాబాదు టబు. ఇర్ఫాన్ ఖాన్ పక్కన. మా వారు సినిమా చూసి నవల చదివేశానంటారు. ఆ వాదన మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.)

ఆ నవల పేరు చుట్టూ తిరుగుతుంది. పిల్లవాడికి అసలు పేరు రాసి ఆషిమ అమ్మమ్మ పంపిన ఉత్తరం దారిలోనే పోతుంది. ఆసుపత్రివాళ్ళు పేరు రాయందే ఇంటికి పంపమంటారు. తాత్కాలికంగా పెట్టిన గోగోల్ అనే ముద్దుపేరు జనన పత్రానికి ఎక్కి కూర్చుంటుంది. ఇలాంటిదే రచయిత్రి జీవితంలోనూ జరిగింది. ఆమె అసలు పేరు నీలాంజన సుదేష్ణ. 1967లో లండన్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమ్మానాన్నలతో అమెరికా వచ్చింది. నాన్న రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. పసిపిల్లల బడిలో టీచరుకు ఆ పొడుగు పేర్లు నోరు తిరగక, పలకడానికి తేలికగా ఉందని ఇంటి పేరు 'ఝుంపా'ను ఖాయం చేసేసింది. పులిట్జర్ బహుమతి కూడా ఆ పేరుకే వచ్చింది. ఊహించుకోండి, మన బుజ్జి, పండు, చంటి లాంటి పేరు మీద ఓ పులిట్జర్!

మా కష్టం ఇంకో రకం. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో అటూ ఇటూ అయి, మా అమ్మాయి బడి చిట్టాలో ఇంటిపేరే పిలుపు పేరయింది. మా ఇంటిపేరు తెనాలి దగ్గరి ఒక పల్లె పేరు. మా మామగారి తాత ఆ పల్లె వదిలి వచ్చాక మళ్ళీ ఎవరూ అటు వెళ్ళలేదు. మూడో తరగతిలో సాకర్ ఆడేటప్పుడు కోచ్ మైదానం అవతలి నుంచి ఆ పల్లె పేరు పెట్టి గావుకేకలు వేసేవాడు. "బంతి వదలకు, పరుగెత్తు!" అని ఒక ఊరు ఊరినే పరుగెత్తమంటుంటే నేనూ మా వారూ మడతకుర్చీల్లో కూర్చుని నవ్వాపుకోలేకపోయేవాళ్ళం. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "సరిచేయించు" అంది. సరిచేయించడానికి ఏడాది పట్టింది.

నిజం చెప్పాలంటే లాహిరి రాసిన ప్రవాసం అచ్చంగా మాది కాదు. వాళ్ళది 1965 వలస చట్టం తెరిచిన తలుపులోంచి వచ్చిన మొదటి తరం. మైళ్ళ దూరంలో ఒక్క భారతీయ కుటుంబం, నెలకో ఉత్తరం, అర్ధరాత్రి టెలిఫోన్ మోగితే చావు కబురే. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా తొలి మహాసభ జరిగేనాటికి ఆమెకు పదేళ్ళు. మాది కిక్కిరిసిన ప్రవాసం. వాట్సాప్ గుంపులు నాలుగు, వినాయక చవితి పందిళ్ళు మూడు, గోంగూర పెరట్లోనే. ఆమె పాత్రలు మంచు కురిసే ఊళ్ళలో ప్రొఫెసర్లుగా మౌనంగా కుమిలిపోతుంటారు. మనవాళ్ళకు మౌనంగా కుమిలే తీరిక ఎక్కడిది, శనివారం మూడు పుట్టినరోజు పార్టీలుంటే! కథలన్నీ ఒకే రంగు చీరలా ఉన్నాయని ఒక దశలో నాకూ విసుగొచ్చింది. అయినా ఆ మొదటి కథల పుస్తకాన్ని, 1999లో వచ్చిన 'ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్'ను, మా ఇంటికొచ్చిన ప్రతి తల్లికీ చూపించేదాన్ని. తొలి పుస్తకానికే, ముప్పై రెండేళ్ళకే, పులిట్జర్! వలస వచ్చినవాళ్ళ పిల్ల! బోస్టన్ విశ్వవిద్యాలయంలో మూడు మాస్టర్స్ డిగ్రీలూ ఒక డాక్టరేటూ. "ఇది అచ్చంగా మన పిల్లే" అన్నారు మా వారు ఆ జాబితా చూసి.

ఆమెను నేను ఒక ఉదాహరణగా వాడుకున్నాను. రెండు సంస్కృతులూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిన పిల్లగా. 2012లో ఆమె భర్తా పిల్లలతో సహా రోమ్ వెళ్ళిపోయి, ఇంగ్లీషులో చదవడం కూడా మానేసి, ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టిందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అమ్మ భాషా కాదు, అన్నం పెట్టిన భాషా కాదు, ఎవరిదో భాష! 'ది లోలాండ్' నవల 2013లో బుకర్ తుది జాబితాకెక్కింది. ఇంగ్లీషులో ఆమె రాసిన నవలల్లో అదే చివరిది. 2018లో వచ్చిన తర్వాతి నవల ఇటాలియన్‌లో. దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది కూడా ఆమే.

ఆమె ఇటాలియన్‌లో రాసిన ఆత్మకథలాంటి పుస్తకాన్ని, 'ఇన్ అదర్ వర్డ్స్' పేరుతో వచ్చిన అనువాదంలో, పంతానికి పోయి చదివాను. తప్పులు పట్టుకోవాలని. కానీ అందులో దొరికింది మా అమ్మాయి.

నాలుగేళ్ళదాకా లాహిరికి బెంగాలీయే లోకం. బడిలో పడ్డాక ఇంగ్లీషు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడితే అమ్మానాన్నలకు నచ్చదు. స్నేహితురాళ్ళ ముందు బెంగాలీ మాట్లాడాలంటే సిగ్గు. స్నేహితురాలి ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేస్తే ఎవరైనా వింటారేమోనని కంగారు. పెద్దయ్యాక కూడా బెంగాలీ చదవడం, రాయడం రాలేదు. మాట్లాడితే యాస. బెంగాలీ అమ్మయితే ఇంగ్లీషు సవతి తల్లి అంటుంది. ఇద్దరికీ పడదు, ఇద్దరినీ మెప్పించాలి. 1994లో చెల్లెలితో ఫ్లోరెన్స్ వెళ్ళినప్పుడు వెంట ఉన్నది అరచేతిలో పట్టే చిన్న నిఘంటువు, ఆకుపచ్చ ప్లాస్టిక్ అట్టది. అక్కడ మొదలైంది మూడో భాష. దాన్ని నేర్చుకోమని ఆమెను ఎవరూ అడగలేదు.

వాళ్ళమ్మ గురించిన పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాదాపు యాభై ఏళ్ళు అమెరికాలో ఉండి కూడా ఆవిడ కట్టు మార్చలేదు, అలవాట్లు మార్చలేదు. ఆ మొండితనమే ఆవిడ తిరుగుబాటు అని కూతురికి తర్వాత అర్థమైంది. కూతురి తిరుగుబాటేమో మారిపోతూనే ఉండడం. 2021లో ఆవిడ పోయింది. మనిషి చెట్టుగా, పక్షిగా మారే కథల లాటిన్ కావ్యాన్ని, ఓవిడ్ రాసినదాన్ని, ఆ రోజుల్లో లాహిరి మరొకరితో కలిసి అనువదిస్తోంది.

ఇంకో సంగతి నవ్వుతూ చదివి, తర్వాత నవ్వలేకపోయాను. ఇటలీలో సలెర్నో ఊళ్ళో ఒక బట్టల దుకాణానికి వెళ్తుంది. ఆమెది ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చిన ఇటాలియన్. భర్త పేరు అల్బెర్టో, మాటలో స్పానిష్ యాస. ఆయన రెండు ముక్కలు మాట్లాడగానే దుకాణం ఆవిడ, మీవారు ఇటాలియనే అయ్యుంటారు, ఎంత చక్కగా మాట్లాడుతున్నారో అంటుంది. ముఖమూ పేరూ చూసే నాలుకకు మార్కులు వేస్తారన్నమాట. కలకత్తాలో కూడా ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారట. రెండేళ్ళ క్రితం తెనాలిలో మా అమ్మాయి మిఠాయి కొట్లో "కాజాలు అరకిలో ఇవ్వండి" అని శుభ్రంగా తెలుగులో అడిగితే, కొట్టతను దాని బూట్లు చూసి ధర ఇంగ్లీషులో చెప్పాడు. అది మళ్ళీ తెలుగులో అడిగింది. అతను మళ్ళీ ఇంగ్లీషులోనే. బయటికొచ్చాక, "నేను తప్పు పలికానా అమ్మా?" అంది. లేదన్నాను. నమ్మలేదు.

ఇక అసలు విషయం. మా అమ్మాయి ఆరేళ్ళప్పటి నుంచి ఆదివారం తెలుగు బడికి వెళ్ళింది. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు. 'స్త్రీ' అనే మాట దగ్గర పెన్సిలు విరగ్గొట్టి లేచిపోయిన రోజు ఉంది. పన్నెండేళ్ళకు మానేసింది. ఇప్పుడు తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. అచ్చంగా లాహిరి బెంగాలీలా. అదే పిల్ల నిరుడు వేసవిలో, ఎవరూ చెప్పకుండానే, కొరియన్ లిపి పట్టుకుంది. నాలుగు రోజుల్లో అక్షరాలన్నీ వచ్చేశాయి. భోజనాల బల్ల మీద నోటు పుస్తకం తెరిచి నాకు పాఠం చెప్పింది: మూల అక్షరాలు ఇరవై నాలుగే, హల్లు పక్కన అచ్చు, కింద ఇంకో హల్లు. "చూడు, కిందికి దిగిందా? మన ఒత్తులాగే."

నాకు కడుపు మండింది. "ఇదే శ్రద్ధ తెలుగు మీద పెడితే..." అని మొదలుపెట్టాను.

అది తల ఎత్తలేదు. గళ్ళలో అక్షరాలు పేరుస్తూనే, "కొరియన్‌లో తప్పు చదివితే ఎవరూ బాధపడరమ్మా" అంది.

నేను లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళాను. తోమినవే మళ్ళీ తోమాను. అది 'స్త్రీ' దగ్గర తడబడిన ప్రతిసారీ నా ముఖం ఎలా మారేదో నాకు తెలియదు. దానికి తెలుసు. వాళ్ళ తెలుగు టీచరమ్మ కూడా మంచావిడే, తప్పు చదివితే "అయ్యో, తల్లీ" అనేది. ఆ "అయ్యో"ను ఆరేళ్ళు మోసింది పిల్ల.

మర్నాడు మా అమ్మతో వీడియో కాల్. ఎప్పటిలాగే మా అమ్మ ముఖంలో సగం, పైన ఫ్యానులో సగం కనిపిస్తున్నాయి. మనవరాలు కొరియన్ నేర్చుకుంటోందని కాస్త పితూరీలాగే చెప్పాను. మా అమ్మ నన్ను వెనకేసుకొస్తుందని ఆశ. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, "అట్లాగా! ఆ భాషలో అమ్మమ్మను ఏమంటారే, బుజ్జీ?" అంది.

"హల్మొనీ, అమ్మమ్మా."

"హార్మోనీ?"

"హల్. హల్మొనీ."

"హార్మోనియంలాగా ఉందే," అంది మా అమ్మ, "మళ్ళీ చెప్పు." ఆవిడ ఏడెనిమిది సార్లు ప్రయత్నించింది, ఒక్కసారీ కుదరలేదు. మా అమ్మాయి ఒక్కసారి కూడా "అయ్యో" అనలేదు. సోఫాలో పొట్ట పట్టుకుని దొర్లింది. ఇప్పుడు దాని ఫోనులో మా అమ్మ నంబరు 'హార్మోనీ' అనే ఉంది, కొరియన్ అక్షరాల్లో.