సలేశ్వరం: గడియారం గీసిన దారి

శ్రీశైలం దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది. సలేశ్వరం జాతరకి పోతూ, తెరిచే వేళకి అక్కడుండాలని నేనూ మా బావా ఎల్బీనగర్ నుంచి తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. కారెక్కే ముందు నేను ఇంటి ముందు రెండు నిమిషాలు చెయ్యి చాపి కదలకుండా నిలబడ్డాను. "సూర్యుడే రాలే, సూర్య నమస్కారాలేందిరా?" అన్నాడు బావ.

చేతికున్నది జీపీఎస్ వాచీ, శాటిలైట్ల సాయంతో మనం వెళ్లిన దారిని గీతగా రాసుకునేది. శాటిలైట్లు దొరికాక బయల్దేరితే గీత మొదటి మీటరు నుంచీ సరిగ్గా వస్తుంది. తొందరపడితే పక్క వీధిలోంచి బయల్దేరినట్టు గీస్తుంది. డ్రైవింగ్‌కి నేను 'ఇతరం' అనే మోడ్ పెట్టుకుంటాను. ఒకసారి పొరపాటున సైకిల్ మోడ్‌లో వరంగల్ వెళ్లొచ్చాను. ఆ రోజు నేను తొక్కిన వేగాన్ని ప్రపంచంలో ఎవరూ అందుకోలేరు. ఇంకో అలవాటు, వాచీని కుడి చేతికి మార్చుకోవడం. ఇనుప కప్పు కింద సిగ్నల్ అంతంతమాత్రమే, అద్దం పక్కనుండే చెయ్యి కాస్త నయం.

సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా కొద్ది రోజులే. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి చోటు, మిగతా ఏడాదంతా ఆ దారి మూసే ఉంటుంది. అక్కడి లోయలో గుహలో ఉన్న లింగమయ్యకి, అంటే శివుడికి, పూజలు చేసేది ఆ అడవిలో ఉండే చెంచులే.

మన్ననూరు దాటి ఘాట్ ఎక్కగానే బావ ఫోన్‌లో మ్యాప్ బూడిద రంగుకి తిరిగింది. "నీ వాచీ కూడా పోయినట్టే ఇగ" అన్నాడు. పోలేదు. ఫోన్‌లో పోయింది టవర్ సిగ్నల్, దాంతోపాటు రావాల్సిన మ్యాప్ బొమ్మలు. జీపీఎస్‌కి టవర్‌తో పని లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే శాటిలైట్లు సమయం చెబుతూ పోతుంటాయి, వాచీ వింటుంది, అంతే. నాలుగింటి మాట వినబడితే ఆ సంకేతాలు వచ్చిన సమయాల తేడాల నుంచి మనం ఎక్కడున్నామో లెక్కేసుకుంటుంది. తను పైకి ఏమీ పంపదు. "అంటే రేడియో లెక్కన్నమాట" అన్నాడు బావ. నేను పావుగంట చెప్పింది ఆయన రెండు మాటల్లో తేల్చేశాడు.

ఫరహాబాద్ గేటు దగ్గర హైవే వదిలి అడవిలోకి తిరిగాం. రాంపూర్ పెంట దాకా మట్టిరోడ్డు. పెంట అంటే చెంచుల గూడెం. వాచీ లెక్కలో ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు, మా నడుము లెక్కలో అంతకు రెట్టింపు. ముందు వెళ్లే జీపు లేపిన దుమ్ములో లైట్లు వేసుకుని నడిపాను. స్టీరింగ్ కుదుపులన్నీ వాచీకి అడుగుల్లా తోచాయేమో, కారు దిగేసరికి నేను నాలుగు వేల అడుగులు నడిచినట్టు చూపించి చెయ్యి వణికించి మరీ అభినందించింది.

పెంట దగ్గర మైదానం నిండా బళ్లు. దుమ్ము కొట్టుకుని అన్ని కార్లూ ఒకే రంగులో ఉన్నాయి. కారున్న చోటు వాచీలో గుర్తు పెట్టి, నడక మోడ్ మొదలుపెట్టాను. అక్కణ్ణుంచి నడకే. "వస్తున్నాం వస్తున్నాం లింగమయ్యా" అని దిగేవాళ్లు, "పోతున్నాం పోతున్నాం లింగమయ్యా" అని ఎక్కేవాళ్లు. ఎవరెటు వెళ్తున్నారో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. రాళ్ల మీద ఒరుసుకుపోయే చోట ఎదురొచ్చినవాళ్లు పక్కకి ఒదిగి, మోకాలి మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకుంటారు.

ఒక పెద్దావిడ చెప్పుల్లేకుండా, నెత్తిన సంచితో నాకంటే చురుగ్గా నడుస్తోంది.

"ఇంకెంత దూరం పెద్దమ్మా?"

"గీడనే బిడ్డా, కూతవేటు."

వాచీ చూసుకున్నాను. అక్కణ్ణుంచి గుహ ఇంకా కిలోమీటరున్నర ఉందని తిరిగొచ్చాక తేలింది. కానీ కింద మొక్కేవాళ్ల కేకలు మాకు అప్పటికే వినిపిస్తున్నాయి మరి. ఆవిడ కొలతలో తప్పెక్కడుంది?

లోయ చివరికొచ్చేసరికి రెండు వైపులా నిలువు బండలు. తలెత్తితే ఆకాశం గుడ్డపేలిక అంత. పైనుంచి నీటిధార గాలికి చెదిరి తుంపరగా పడుతోంది. ఏప్రిల్ ఎండలో అంత దూరం నడిచొచ్చి ఆ తుంపర కింద నిలబడితే పళ్లు టకటకలాడాయి. వాచీకి మాత్రం ఇక్కడే కష్టకాలం. నేరుగా కనిపించే శాటిలైట్లు తక్కువ, ఉన్నవాటి సంకేతాలు కూడా బండలకి తగిలి తిరిగొస్తాయి. ఆలస్యంగా చేరినదాన్ని దూరం నుంచి వచ్చిందనుకుని మనల్ని బండ అవతలికి విసిరేస్తుంది. రెండు ఫ్రీక్వెన్సీలు వినే కొత్త వాచీలు దీన్ని కొంత తట్టుకుంటాయి. నాది పాతది.

గుహ లైను చూసి బావ "నేను ధార కింద మొక్కిన, చాలు" అని ముందే వెనక్కి మళ్లాడు. నేను నిలబడ్డాను. దర్శనం చేసుకుని పైకొచ్చేసరికి మైదానంలో బళ్లు ఇంకా పెరిగాయి. బావకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. నాకేం టెన్షన్ లేదు, వాచీలో బాణం గుర్తుంది. తెరిచి దాని వెంట నడిచాను. వందలాది బళ్ల మధ్య నుంచి నేరుగా తీసుకెళ్లి మా కారుకి పది అడుగుల దూరంలో ఆపింది. గర్వంగా తలెత్తాను. బావ బానెట్ మీద కూర్చుని పుచ్చకాయ ముక్క తింటున్నాడు.

"ఎట్ల పట్టుకున్నవ్ బావా?"

"గీ ఇప్పచెట్టు కింద పెట్టినం కదరా" అన్నాడు. తలమీద చెట్టుందని నేను అప్పుడే చూశాను.

ఆ గర్వంలోనో అలసటలోనో నడక మోడ్ ఆపడం మర్చిపోయాను. ఆమనగల్లులో చాయ్ దగ్గర చూసుకుంటే ఇంకా 'నడుస్తూనే' ఉన్నాను, గంటకి 80 కిలోమీటర్ల చొప్పున. ఇంటికొచ్చాక ఫైలు కంప్యూటర్‌లోకి ఎక్కించి కారు ముక్కని కత్తిరించాల్సి వచ్చింది. వాచీ దారిని దాచే ఈ జీపీఎక్స్ ఫైలంటే లోపల ఉండేది మామూలు అక్షరాలే. ఒక్కో బిందువుకీ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. వేగం ఒక్కసారిగా పెరిగిన చోటు పట్టుకుని అక్కణ్ణుంచి కిందిదంతా తీసేశాను.

మిగిలిన గీతని మ్యాప్ మీద వేశాను. లోయ దాకా చక్కగా వచ్చి, గుహ దగ్గర పిచ్చుక గూడులా చిక్కుపడింది. వింతేమిటంటే ఎత్తు గ్రాఫ్ మాత్రం చిక్కుపడలేదు. అది శాటిలైట్ల మీద ఆధారపడదు, గాలి పీడనం చూస్తుంది. 8 మీటర్లు దిగితే పీడనం సుమారు ఒక మిల్లీబార్ పెరుగుతుంది, బండలతో దానికి పని లేదు.

ఇలాంటి గీతల్ని మామూలుగా అందరికీ కనిపించేలా పెడతాను. దీన్ని పెట్టలేదు. 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ హీట్‌మ్యాప్‌లో, అంటే అందరి గీతల్నీ కలిపి వెలుగుగా చూపే మ్యాప్‌లో, పరుగెత్తే సైనికుల వాచీల వల్లే వాళ్ల స్థావరాలు వెలుగు గీతలై బయటపడ్డాయి. ఇక్కడ స్థావరాలు లేవు, పులులున్నాయి, చెంచుల పెంటలున్నాయి. జాతర కాని రోజుల్లో ఆ దారి ఎవరి ఫోన్‌లోనూ ఉండాల్సిన పని లేదు.

బావకి మాత్రం పంపాను. రాత్రి ఫోన్ చేశాడు.

"గుహ కాడ అరగంటల తొమ్మిది వందల మీటర్లు నడిచినవా? ఏం జేసినవ్‌రా ఆడ?"

"లైన్ల నిలబడ్డ బావా."