పంపు పోయిందని చెప్పే ముందు: డీజిల్ మెకానిక్ ప్రాక్టికల్‌కి నేను ప్రిపేర్ అయిన తీరు

మొదటిసారి ప్రాక్టికల్‌లో నేను తప్పింది చదవక కాదు, ఇంజిన్‌లోకి డీజిల్‌ని ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు (ఎఫ్ఐపీ) గురించి మరీ ఎక్కువ చదివి. లారీ ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, రెండు నిమిషాలు నడుస్తోంది, నీరసపడి ఆగిపోతోంది. లోపం ఏమిటో చెప్పమన్నారు. ప్లంజర్ (డీజిల్‌ని తోసే కడ్డీ), బ్యారెల్ (అది కదిలే గొట్టం), హెలిక్స్, గవర్నర్ లాంటి పంపు భాగాలన్నీ నోటికి వచ్చు కదా, వెంటనే "ఎఫ్ఐపీ ఫెయిల్ సార్" అనేశాను. ఎగ్జామినర్ ఏమీ అనలేదు. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలేది) వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ కొట్టేది) కొట్టారు, డీజిల్‌కి బదులు నురగ వచ్చింది, అంటే లోపల గాలి ఉంది. ట్యాంక్ నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఇన్‌లెట్ దగ్గర, గొట్టాన్ని పట్టి ఉంచే బాంజో బోల్ట్ కొంచెం వదులుగా ఉంది, అంతే. దాన్ని బిగించి, ఎయిర్ తీసి సెల్ఫ్ కొడితే ఇంజిన్ మళ్ళీ ఆగలేదు.

అక్కడ తడి లేదే అని నేను వాదించబోయాను, నా అదృష్టం కొద్దీ నోరు మూసుకున్నాను. ట్యాంక్ నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది లాగే వైపు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అక్కడ లీకు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పుస్తకంలో ఈ ముక్క ఉంది, నేనే దాటేశాను.

రెండోసారికి చదివే పద్ధతి మార్చేశాను. పంపు లోపల ఏముందో కాకుండా, పంపు మీద నింద వేయాలంటే ముందు ఎవరెవరిని వదిలిపెట్టాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. ట్యాంక్‌లో డీజిల్, ట్యాంక్ మూత గాలి రంధ్రం, జాలీ, సక్షన్ గొట్టం, ఫీడ్ పంపు, ఫిల్టర్, స్టాప్ లీవర్ రన్ వైపు పూర్తిగా వస్తోందా, ర్యాక్ (డీజిల్ మోతాదు మార్చే కడ్డీ) పట్టేయకుండా కదులుతోందా, పంపు షాఫ్ట్ అసలు తిరుగుతోందా (కప్లింగ్ తెగితే ఇంజిన్ తిరుగుతుంది, పంపు కదలదు). రోటరీ పంపు అయితే షట్ఆఫ్ సోలినాయిడ్‌కి (కరెంటుతో డీజిల్ దారి తెరిచేది) కరెంటు వస్తోందో లేదో కూడా చూడాలి, ఒక్క వైరు ఊడి పంపు మొత్తాన్ని విప్పించిన కథలు చాలా ఉన్నాయి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పంపు దగ్గరికి రండి.

పొగని చదవడం మాత్రం తప్పకుండా నేర్చుకోండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళుతోంది కానీ మండట్లేదు, అంటే టైమింగో కంప్రెషనో చూడాలి. పొగే లేదంటే డీజిల్ వెళ్ళట్లేదు. ఈ ఒక్క తేడాతో సగం దారి తగ్గిపోతుంది. ఇంజిన్ ఆయిల్ మట్టం దానంతటదే పెరిగి, డిప్‌స్టిక్‌కి డీజిల్ వాసన వస్తుంటే, ఇంజిన్ ఆయిల్‌తోనే లూబ్రికేట్ అయ్యే పంపుల్లో అరిగిన ఎలిమెంట్లని (ప్లంజర్, బ్యారెల్ జతలని) మొదట అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, వేడెక్కాక ఆపితే మళ్ళీ అందుకోకపోవడం ఇంకో గుర్తు. వేడికి డీజిల్ పలచబడి అరిగిన చోట జారిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరిచాక స్టార్ట్ అయితే అనుమానం బలపడుతుంది. చన్నీళ్ళు మాత్రం పోయకండి, ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే, పట్టేస్తుంది.

కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే పద్ధతి) వేరే చాప్టర్ అనుకోండి. అక్కడ సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్ ప్రెషర్ స్కానర్‌లో చూడాలి. చాలా బండ్లలో అది 200 బార్ దాకా అయినా లేవకపోతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లని తెరవనే తెరవదు. ప్రెషర్ లేదు కాబట్టి పంపు పోయింది అని రాస్తే మళ్ళీ నా మొదటి తప్పే చేసినట్టు. ఒక ఇంజెక్టర్ డీజిల్‌ని రిటర్న్‌లోకి (వెనక్కి పోయే గొట్టంలోకి) ఎక్కువగా వదిలేస్తున్నా ప్రెషర్ లేవదు, కాబట్టి ముందు రిటర్న్ గొట్టాలు విడివిడిగా సీసాల్లో పెట్టి కొలవాలి. ఫిల్టర్‌లో మెరిసే లోహపు పొడి కనిపిస్తే పంపు లోపల అరిగిపోతోందని అర్థం, అప్పుడు పంపు ఒక్కటే మార్చితే సరిపోదు, ఆ పొడి రైల్‌లోకీ ఇంజెక్టర్లలోకీ వెళ్ళి ఉంటుంది. ఇంకోటి, నడుస్తున్న కామన్ రైల్ ఇంజిన్‌లో హైప్రెషర్ పైపు నట్టు ఎప్పుడూ వదులు చేయకండి. ఆ చిమ్మే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. వైవాలో ఇది తప్పు చెబితే మిగతాదంతా కరెక్ట్ చెప్పినా లాభం లేదు.

థియరీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫోర్ స్ట్రోక్‌లో పంపు క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది, ప్లంజర్ బ్యారెల్ జతగానే మార్చాలి, బాష్ ఇన్‌లైన్ పంపుల (సిలిండర్‌కో ప్లంజర్ చొప్పున వరుసగా ఉండేవి) తయారీ 1927లో మొదలైంది లాంటి బిట్లు రెండు రోజుల్లో అయిపోతాయి.

రెండోసారి నాకు వచ్చింది ఇన్‌లైన్ పంపు ఉన్న ఆరు సిలిండర్ల ఇంజిన్. స్టార్ట్ అవుతోంది కానీ విపరీతంగా వణుకుతోంది. ఈసారి నిజంగానే పంపు, కానీ నాకు నమ్మకం లేదు, టెన్షన్‌లో కాగితం మీది వరుసంతా మొదటి నుంచి చేశాను. ఎయిర్ లేదు, ఫీడ్ బాగుంది. ఇది పాత రకం కాబట్టి, కళ్ళద్దాలూ గ్లౌజులూ వేసుకుని ఒక్కో నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) దగ్గర యూనియన్ నట్టు కొద్దిగా వదులు చేస్తూ పోయాను. వదులు చేసిన ప్రతిసారీ ఇంజిన్ చప్పుడు మారుతోంది, నాలుగోదాని దగ్గర మారలేదు, అంటే ఆ సిలిండర్ ముందు నుంచే పనిచేయట్లేదు. ఇంజిన్ ఆపి, ఆ పైపు పంపు వైపు విప్పి సెల్ఫ్ కొట్టించాను, డీజిల్ రాలేదు. పక్క కవర్ తీసి చూస్తే నాలుగో ప్లంజర్ స్ప్రింగ్ విరిగి, ప్లంజర్ పైనే ఉండిపోయింది.

"నాజిల్ జామ్ అయిందని ఎందుకు అనుకోలేదు?" అని అడిగారు.

"పైపు పంపు దగ్గరే విప్పాను సార్, అక్కడే డీజిల్ లేదు. నాజిల్ దాకా రానిదాన్ని నాజిల్ ఎలా ఆపుతుంది?" అన్నాను. ఆయన షీట్ మీద ఏదో రాసుకుని, కవర్ మళ్ళీ బిగించమన్నారు.