రిచర్డ్స్ బే నుంచి విశాఖకు బొగ్గు ఓడలో

నేను ఎక్కిన తొలి ఓడ దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే రేవులో బొగ్గు నింపుకొంటోంది. నాటికల్ సైన్స్ డిప్లొమా చదువు ఏడాదిలో ముగించుకుని, 18 నెలల సముద్ర శిక్షణ కోసం డెక్ క్యాడెట్‌గా చేరిన నాకు, ఆ సరుకు దిగబోయేది విశాఖపట్నంలోనేనని గ్యాంగ్‌వే ఎక్కిన రోజునే తెలిసింది. రైల్లోనో విమానంలోనో తప్ప ఎన్నడూ చేరని సొంత ఊరికి ఈసారి సముద్రం వైపు నుంచి రాబోతున్నానన్న ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఓడ పొడవు 225 మీటర్లు, మోసే బరువు సుమారు 75 వేల టన్నులు, సరుకు గదులు ఏడు. మొదటి గది ఓడ ముక్కు దగ్గర ఉంటుంది, మేము నివసించే భాగం వెనక చివర ఉంటుంది. ఈ దూరం సంగతి తరువాత చెబుతాను.

ఎంత బొగ్గు ఎక్కిందో తేల్చేవి ఓడ పక్కల మీద రాసి ఉన్న అంకెలు. ముందు, నడుమ, వెనక, రెండు వైపులా కలిపి ఆరు చోట్ల నీటిమట్టం చదివి, బకెట్‌తో తోడిన రేవు నీటి సాంద్రతను హైడ్రోమీటరుతో చూసి, లెక్క కడితే బరువు తేలుతుంది. చీఫ్ ఆఫీసర్ వెంట చిన్న పడవలో వెళ్లినప్పుడు, 10 సెంటీమీటర్ల ఎత్తున్న తెల్ల అంకె ఒక అలకు పూర్తిగా మునిగి, మరుక్షణం నీళ్లు కారుతూ పైకి తేలుతోంది. నేను తొందరపడి ఒక సంఖ్య చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, ముందు పది అలలు చూడమన్నారు. అల ఎంతవరకు ఎక్కుతోందో, ఎంతవరకు దిగుతోందో చూసి నడిమి గుర్తును పట్టుకోవాలి. మా ఓడ ఒక్క సెంటీమీటరు మునగడానికి 65 టన్నులకు పైనే బొగ్గు కావాలని విన్నాక, ఆ అంకెను చూసే చూపే మారిపోయింది.

మే మొదటి వారంలో బయలుదేరాం. ఆఫ్రికా తీరం వెంబడి నైరుతి దిశగా పరుగెత్తే అగుల్హాస్ ప్రవాహానికి అడ్డంగా నడిచి, మడగాస్కర్ దక్షిణ కొసను చుట్టి, ఈశాన్యంగా శ్రీలంక వైపు తిరగడం మా దారి. నన్ను చీఫ్ ఆఫీసర్‌తో పాటు నాలుగు నుంచి ఎనిమిది గంటల వాచ్‌లో, అంటే కాపలా వంతులో వేశారు. తెల్లవారుజామున, సాయంత్రం సంధ్యవేళ, చుక్కలూ దిగంతమూ ఒకేసారి కనిపించే ఆ కొద్ది నిమిషాల్లోనే సెక్స్టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో చుక్కల ఎత్తు కొలవగలం. అందుకే క్యాడెట్‌కు ఇంతకంటే మంచి వాచ్ లేదని నా అభిప్రాయం. జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. యంత్రం చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి మరో దారి తెలిసి ఉండాలి కదా. సాయంత్రం దక్షిణాన త్రిశంకు నక్షత్రాలు ఎత్తుగా నిలిచి ఉండేవి. ఉత్తరాన సప్తర్షి మండలం దిగంతానికి దగ్గరగా తలకిందులుగా కనిపించేది. ధ్రువుడు మాత్రం ఇంకా సముద్రం కిందనే ఉన్నాడు.

పగలు పని వేరు. బొగ్గు తనంతట తానే వేడెక్కగలదు, మండే మీథేన్ వాయువును వదలగలదు. అందుచేత రోజూ ప్రతి గదిలోనూ మీథేన్, ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ ఎంతున్నాయో మీటరుతో చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ వరుసగా మూడు రోజులు పెరుగుతూ పోతే లోపల బొగ్గు రాజుకుంటోందేమోనని అనుమానించాలి. బొగ్గులోని తేమ కిందికి జారి గది అడుగున ఉండే బిల్జ్ గుంటల్లో చేరుతుంది. గంధకం ఉన్న బొగ్గు నీరు ఆమ్లంగా మారి ఉక్కును తినేస్తుంది కనుక ఆ నీటి లోతునూ, ఆమ్ల గుణాన్నీ కూడా పరీక్షించాలి. ఇత్తడి బరువు కట్టిన టేపుకు సుద్ద రాసి, డెక్ మీది నుంచి ఆ గుంటలోకి దిగే సౌండింగ్ పైపులోకి వదిలితే, అడుగు తగిలిన చప్పుడు చేతికి తెలుస్తుంది. పైకి లాగి, సుద్ద తడిసిన గీత దగ్గర అంకె చదవాలి.

మడగాస్కర్ దక్షిణాన సముద్రం రేగింది. ముందు భాగం మీదికి నీళ్లు ఎగసిపడుతున్నాయి. నేను వెనక గదుల నుంచి మొదలుపెట్టి మూడో గది వరకు కొలిచి, మొదటి రెండు గదులకు వెళ్లలేక, నిన్నటి అంకెలనే ఈరోజు గళ్లలో రాసేశాను. చీఫ్ ఆఫీసర్ కాగితాన్ని కాసేపు చూశారు. ఐదు గదుల్లో నీరు నాలుగైదు సెంటీమీటర్లు పెరిగి, మొదటి రెండింటిలో మాత్రం కదలలేదు; ఒకటో గదిది 18 దగ్గరే నిలిచి ఉంది. "ఇది కొలిచావా, రాశావా?" అని హిందీలో అడిగారు. రాశానని ఒప్పుకున్నాను. ఆయన గొంతు పెంచలేదు. "వెళ్లకపోవడం సరైన పనే. వాతావరణం బాగోలేక కొలవలేదని రాయి. అదీ లెక్కే. ఈ 18 మాత్రం లెక్క కాదు," అన్నారు. మరునాడు గాలి తగ్గాక కెప్టెన్ అనుమతితో ఓడ వేగం తగ్గించి, చీఫ్ ఆఫీసర్, డెక్ పనివాళ్ల పెద్ద అయిన సరంగు, నేను ముగ్గురం ముందుకు నడిచి కొలిస్తే ఒకటో గదిలో 27 ఉంది. పంపు పెట్టి తోడేశారు. ఆ నీరు ఎవరికీ హాని చేయలేదు. అయినా, పాత కాగితం మీద అడ్డంగా కొట్టేసిన 18నీ, పక్కన నేను చేసిన సంతకాన్నీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

భూమధ్యరేఖ దాటిన రోజున, తొలిసారి దాటేవాళ్లకు ఓడల్లో చేసే ఆచారం ప్రకారం, సరంగు సముద్రరాజు వేషం కట్టి, నా నెత్తిన ఉప్పునీళ్లు కుమ్మరించి, ఒక ధ్రువపత్రం ఇచ్చారు. శ్రీలంక కొస డాండ్రా హెడ్ దాటి బంగాళాఖాతంలోకి తిరిగాక, ఒక తెల్లవారుజామున మబ్బు విడిన చోట, చాలా కిందుగా, మసకగా ధ్రువనక్షత్రం కనిపించింది. ఇక్కడి నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికే ప్రయాణం కనుక రోజుకు సుమారు ఐదు డిగ్రీల చొప్పున అది పైకి లేచింది. చిన్న సవరణలు చేస్తే దాని ఎత్తే మన అక్షాంశం. రేవు చేరే ముందటి సాయంత్రం నా సెక్స్టెంట్ లెక్క 15 డిగ్రీలు దాటింది. చీఫ్ ఆఫీసర్ తన లెక్కతో పోల్చి చూసి, ఏమీ అనకుండా నా కాగితాన్ని చార్టు పక్కన పెట్టారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కనుక మరపడవల దీపాలు లేవు. యారాడ కొండ మీది దీపస్తంభం వెలుగు మాత్రం చీకట్లో తిరుగుతూ కనిపించింది. పొద్దెక్కాక బయటి యాంకరేజిలో లంగరు వేశాం. బిల్జ్‌లన్నీ, ఒకటో గదితో మొదలుపెట్టి, కొలిచి రాశాక ఫోనుకు సిగ్నల్ అందింది. అమ్మ అప్పటికే బీచి రోడ్డులో నిలబడి ఉంది.

"చాలా ఓడలున్నాయిరా, మీది ఏది?" అంది.

ఒక్క నిమిషం ఉండమని, ఓడను నడిపే గది పక్కన ఆరుబయట ఉండే బ్రిడ్జి రెక్క మీదికి వెళ్లి, చుట్టూ ఉన్న ఓడలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, "యారాడ కొండ వైపు నుంచి మూడోది," అన్నాను.