విరిస్తే నేను రాను

"నువ్వు బెండకాయలు విరిస్తే నేను రాను నాన్నా" అంది మా అమ్మాయి పోయిన శనివారం పొద్దున్నే, ఒక కాలికి షూ వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని. తొమ్మిదేళ్ళు దానికి. శనివారం అయితే చాలు మేమిద్దరం సంచులు పట్టుకుని ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్ళడం దానికి నాలుగేళ్ళప్పటి నించీ ఉన్న అలవాటు, వాన పడినా మానలేదు, అలాంటిది ఇప్పుడు రానంటే నాకు కాసేపు ఏమీ తోచలేదు.

అంతకు ముందు వారం ఏమైందంటే, బెండకాయల బుట్ట ముందు నిలబడి ఒక్కో కాయా తీసి మొన విరిచి చూస్తున్నాను, టక్కుమని విరిగితే సంచిలోకి, వంగితే మళ్ళీ బుట్టలోకి. అమ్మే పెద్దాయన ఏమీ అనలేదు, పక్కన ఎవరికో మొక్కజొన్న పొత్తులు ఇస్తూ రెండు మూడు సార్లు నా చేతుల వైపు చూశాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగింది ఇది, "నువ్వు వంచి వదిలేసినవి ఎవరు కొంటారు?" అని. మన దగ్గర అందరూ అలాగే చూసి తీసుకుంటారు తల్లీ అన్నాను. "మన దగ్గర అంటే ఎక్కడ?" అంది. ఎదురు చెప్పాలని కాదు, నిజంగానే తెలీక అడిగింది. దానికి మన దగ్గర అంటే ఈ ఊరే కదా.

నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్ళాక కూడా తగ్గలేదు. ఎందుకంటే బెండకాయ చూసి తీసుకోవడం అనేది మా అమ్మ నాకు చేతిలో చెయ్యి పెట్టి నేర్పిన మొదటి పని. ఇంచుమించు దీని వయసే నాకప్పుడు, అమ్మ సంచి పట్టుకుని నిలబడితే నేను ఏరేవాణ్ణి, తర్వాత అమ్మ ఒక్కోటీ చూసి ముదురుది ఒక్కటి కూడా లేకపోతే ఏమీ అనేది కాదు, ఆ ఏమీ అనకపోవడమే నాకు పెద్ద మెప్పు. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు కూడా. బెండ పువ్వు పూసిన 4 నించి 6 రోజుల్లో కాయ కోసెయ్యాలి, ఒకట్రెండు రోజులు దాటిందంటే లోపల పీచు పట్టేస్తుంది, పీచు పట్టిన కాయ మొన వంగుతుంది గానీ విరగదు. పైకి చూస్తే రెండూ ఒకేలా నవనవలాడుతూ ఉంటాయి, చెయ్యి పెడితేనే తెలుస్తుంది. ఇంత మంచి విద్య నా దగ్గరుంటే నా కూతురు దాన్ని చూసి సిగ్గుపడుతోందే అని బాధ.

ఆ రాత్రి పడుకున్నాక ఇంకో మాట గుర్తొచ్చింది, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రానిది. అప్పుడు కూడా బెండకాయలు అమ్మే ఆవిడ "విరవకండమ్మా, తర్వాత ఎవరూ కొనరు" అని బతిమాలేది. ప్రతిసారీ అనేది. అమ్మ వినిపించుకునేది కాదు, నేనూ వినిపించుకోలేదు. వంచిన చోట కాసేపటికి నల్లబడుతుంది, జిగురు కారుతుంది, నిజంగానే ఎవరూ కొనరు. అమ్మ నేర్పింది మొత్తం గుర్తుంది నాకు, ఆవిడ అన్న మాట మాత్రం పోయింది. మా అమ్మాయి అడిగిన ప్రశ్న, ఆవిడ బతిమాలిన మాట ఒకటే.

అసలు దీన్ని మార్కెట్‌కి ఎందుకు తీసుకెళ్తున్నానో నేనే సరిగ్గా ఆలోచించలేదేమో. ఎవరడిగినా, పిల్లలకి ఏ కాయ ఎక్కడి నించి వస్తుందో తెలియాలి, ఏ కాలంలో ఏది తినాలో తెలియాలి అని చెప్తాను. అది అబద్ధం కాదు, కానీ అదొక్కటే అయితే ఇంత కోపం వచ్చేది కాదు. దీనికి నా చిన్నతనం ఇద్దామనుకున్నాను. ఏరడం, చూడడం, సంచి బరువు చేతులు మార్చుకుంటూ మొయ్యడం, అవన్నీ దీనికీ ఉండాలని. మార్కెట్లో ఉన్నంతసేపు తెలుగులోనే మాట్లాడాలని రూల్ కూడా పెట్టాను, వంకాయ, బీరకాయ, సొరకాయ పేర్లన్నీ అక్కడే నేర్చుకుంది. కానీ నేను మాత్రం రైతులతో ఇంగ్లీషులో, ఫోనొస్తే ఇంగ్లీషులో, కంగారొస్తే దీంతో కూడా ఇంగ్లీషులో. రూల్ దానికొక్కదానికే అన్నమాట.

కాలం మాటా అంతే. ఏ కాలం కాయ ఆ కాలంలోనే తినాలి అని దీనికి వందసార్లు చెప్పి ఉంటాను, జనవరిలో దీని పుట్టినరోజుకి మళ్ళీ నేనే స్ట్రాబెర్రీలు కొనుక్కొస్తాను. స్ట్రాబెర్రీ కోశాక ఇంకా మాగే పండు కాదు, చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, కోసిన తర్వాత రంగు తిరగొచ్చు గానీ తీపి పెరగదు, అందుకే దూరం నించి వచ్చేవి పైకి ఎర్రగా ఉండి లోపల తెల్లగా చప్పగా ఉంటాయి. ఈ సంగతి దీనికి చెప్పింది నేనే. పోయిన పుట్టినరోజుకి ఒకటి కొరికి, "దీని కాలం కాదు కదా నాన్నా" అని పక్కన పెట్టేసింది. దానికి నేర్పినవన్నీ నమ్మేస్తోంది, నేనే పాటించట్లేదు.

సరే, విరవనని మాటిచ్చాను, వచ్చింది. బుట్ట దగ్గర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఇది మాత్రం నేరుగా ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి "ఇవి ఎప్పుడు కోశారు?" అని అడిగింది. ఆయన ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను. పొద్దున్నే కోశానని, ఈ ఎండలకి రోజు విడిచి రోజు కొయ్యకపోతే చేతికి దొరకవని, తన వేలు అడ్డం పెట్టి చూపించి ఇంతకన్నా పొడుగున్నవి తీసుకోవద్దని, కోసిన చోట తొడిమ తడిగా ఉందో ఎండిందో చూడమని, ఇవన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఐదేళ్ళుగా వెళ్తున్నాం, ఆయన ఇన్ని మాటలు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు మరి. నా చెయ్యే అన్నీ చూసుకునేది.

తర్వాత టమాటాలు. ముచ్చిక చుట్టూ ఇంకా పచ్చగా, కింద ఎర్రగా ఉన్నవి నాలుగు ఏరింది. అవి పూర్తిగా పండలేదు, పెట్టెయ్యి అన్నాను. "ఆయన ఇవే తియ్యగా ఉంటాయన్నాడు" అంది. ఇంటికొచ్చి వెతికితే ఆయన చెప్పిందాంట్లో నిజముందని తెలిసింది. కాయ అంతా ఒకే రంగులో సమంగా పండాలని దాదాపు 70 ఏళ్ళుగా ఎంచుకుంటూ వచ్చిన రకాల్లో, కాయ భుజాలకి ఆ ముదురు పచ్చని ఇచ్చే జన్యువు పని చెయ్యడం లేదట, ఆ పచ్చతోనే కాయ తనంతట తాను కొంత చక్కెర తయారుచేసుకుంటుందట, అది పోయాక తీపి కూడా కొంత తగ్గిందని 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. పచ్చ భుజాలున్న ప్రతి కాయా తియ్యగా ఉంటుందని కాదులెండి, కానీ నేను పండలేదని ఇన్నేళ్ళూ పక్కకి తోసినవాటిలో మంచివి ఎన్ని పోయాయో. ఒకటి కోసి ఉప్పు కూడా వెయ్యకుండా తిన్నాం ఇద్దరం. మంచి వాసన, పుల్లగా, వెనకాల తీపి.

పిల్లల్ని తీసుకెళ్ళే వాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమైనా ఉందంటే ఇవే. వెళ్ళగానే ఒక కూర వాళ్ళకి వదిలెయ్యండి, వాళ్ళే అడిగి, వాళ్ళే ఏరి, డబ్బులు వాళ్ళే ఇవ్వాలి. మొక్కజొన్న పొత్తులు ఆఖర్న కొనండి, ఆ రోజే వండండి, కోసినప్పటి నించీ తీపి పిండిగా మారిపోతూనే ఉంటుంది. బెండకాయలు ఎక్కువ చల్లదనంలో పెట్టకండి, 7 డిగ్రీల కన్నా తగ్గితే మచ్చలు పడతాయి, మామూలు ఫ్రిజ్ అంతకన్నా చల్లగానే ఉంటుంది కాబట్టి ఒకట్రెండు రోజుల్లో వండేసుకోవడమే. ఇంతవరకూ ధైర్యంగా చెప్పగలను. పిల్ల ఏం నేర్చుకోవాలి, మన దగ్గర్నించి ఎంత తీసుకోవాలి, ఎంత వదిలెయ్యాలి అంటే నాకు తెలీదు. అడిగి తెలుసుకోవడం మంచిదే, మనిషిని నమ్మడం ఇంకా మంచిదే, కానీ ఆయన లేని రోజున, ఎవరినీ అడగడానికి లేని చోట, దీని చేతికి ఏమీ తెలియకపోతే? అమ్మ చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది నాతోనే ఆగిపోతుందా అని దిగులేస్తోంది. ఆగిపోతే దీనికేమైనా నష్టమా, నాకే నష్టమా, అదీ తెలీదు.

ఆదివారం బెండకాయలు తరగడానికి కూర్చున్నాం. చిన్న కత్తి దానికిచ్చాను. ఐదారు కాయలు మెత్తగా తెగాయి, ఆ తర్వాత కత్తి కరకరమని ఒక కాయ మీద ఆగిపోయింది. చెయ్యి ఆపి నా వైపు చూసింది. "ఇది ముదిరిపోయింది నాన్నా" అంది. ఎలా తెలిసిందన్నాను. "చప్పుడు వేరేగా వచ్చింది." అది నేను నేర్పలేదు. తర్వాత ఇంకోటి కూడా అలాగే వచ్చింది. రెండూ పక్కన పెట్టి, కాసేపు ఆలోచించి, "విరిచి చూస్తే అక్కడే తెలిసేదా?" అని అడిగింది. తెలిసేది అన్నాను. గెలిచినట్టు అనిపించలేదు అలా అంటుంటే.

"అయితే శనివారం ఆయనకి చెప్తాను, రెండు ముదురువి వచ్చాయని" అంది. వద్దు, రెండు కాయల కోసం అడుగుతామా, ఆయన బాధపడతాడు అన్నాను వెంటనే. "నువ్వు విరిస్తే బాధపడడా?" అంది.

ఇవాళ గురువారం. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు నేను. ఆ రెండు కాయలూ వంటగది కిటికీ దగ్గర ఒక చిన్న గిన్నెలో పెట్టుకుంది, ఆయనకి చూపించాలట, పారెయ్యొద్దని వాళ్ళమ్మకి కూడా చెప్పింది.