పది లడ్డూలు, మూడు పెన్నులు: గేట్ డిస్క్రీట్ మ్యాథ్స్ నాకు ఎలా పట్టుబడిందంటే

ఫ్రెండ్స్, మొదటిసారి గేట్ సీఎస్ (ఎంటెక్ ప్రవేశ పరీక్షలో కంప్యూటర్ సైన్స్ పేపర్) రాసినప్పుడు నన్ను ముంచింది డిస్క్రీట్ మ్యాథ్సే, అంటే కౌంటింగ్, లాజిక్, గ్రాఫ్‌లు ఉండే లెక్కల భాగం. చదవక కాదు. ఫార్ములాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని బస్సులో కూడా వల్లె వేశాను. తీరా హాల్లో ప్రశ్న చూస్తే ఏ ఫార్ములా వాడాలో తెలియలేదు.

రెండో ఏడాది తిరుపతిలో నలుగురం ఒకే గదిలో ఉండి చదివాం. ఒకరోజు రూమ్మేట్ వాళ్లమ్మ దర్శనం చేసుకుని వచ్చి పది లడ్డూలు ఇచ్చి వెళ్లారు. "నలుగురం ఎన్ని రకాలుగా పంచుకోవచ్చు రా?" అన్నాడు వాడు. నేను ఠక్కున నాలుగు పవర్ పది అన్నాను. తప్పు. లడ్డూలన్నీ ఒకటే కదా, ఎవరికెన్ని అన్నదే లెక్క. పేపర్ పరిచి లడ్డూలు వరసగా పెట్టి, మధ్యలో మూడు పెన్నులు అడ్డం పెట్టాం. పెన్ను జరిపితే పంపకం మారుతోంది. అంటే లడ్డూలూ పెన్నులూ కలిపి ఉన్న 13 చోట్లలో పెన్నులకు 3 చోట్లు ఎంచుకోవడమే: 13 సి 3, 286 రకాలు. తలా ఒకటైనా రావాలంటే? ముందే ఒక్కొక్కటి ఇచ్చేసి మిగిలిన ఆరూ పంచాలి: 9 సి 3, 84.

లడ్డూలు అయిపోయాక చింతగింజలతో చేశాం. అప్పటి నుంచి ఏ కౌంటింగ్ లెక్క చూసినా ముందు రెండు విషయాలు అడుగుతాను. వస్తువులు ఒకేలా ఉన్నాయా, వేరువేరా? వరస మారితే లెక్క మారుతుందా?

రికరెన్స్ రిలేషన్‌కి, అంటే ముందు వచ్చిన జవాబుల నుంచి తర్వాతి జవాబు కట్టే సూత్రానికి, అలిపిరి మెట్లు చాలు. అడుగుకి ఒక మెట్టో రెండో ఎక్కొచ్చు అనుకోండి. పై మెట్టుకి దాని కింది మెట్టు నుంచి రావాలి, లేదా ఇంకో మెట్టు కింద నుంచి రావాలి. ఆ రెండు లెక్కలూ కలిపితే సరిపోయింది. 1, 2, 3, 5, 8 అని చేత్తో వేసి చూడండి. 3,550 మెట్లకైనా సూత్రం అదే.

లాజిక్, గ్రాఫ్‌లకు పాత పేపర్లు చేస్తే సరిపోతుంది. కౌంటింగ్ మాత్రం ఆప్షన్లు లేకుండా, జవాబు అంకెల్లో టైప్ చేసే ప్రశ్నగా వస్తే ఎలిమినేషన్ కుదరదు. వాటికి నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి వదలకండి. 2021 నుంచి వచ్చిన మల్టిపుల్ సెలెక్ట్ (ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండగల) ప్రశ్నల్లో మాత్రం సరైనవన్నీ పెడితేనే మార్కు.

ఈ సాయంత్రం ఒకటి చేయండి. గుడి బయట నలుగురి చెప్పులు. ఎవరి జత వాళ్లకు రాకూడదు. 9 రకాలు వస్తాయి. తొమ్మిదీ కాగితం మీద రాశాకే ఫార్ములా తెరవండి.