లండన్‌లో వెండి కంచాల వెంట

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వెండి గదులు పై అంతస్తులో ఉంటాయి. కింద శిల్పాల దగ్గరే కాళ్లు పీకేస్తాయి కాబట్టి అక్కడిదాకా వచ్చేవాళ్లు తక్కువ. మేం తిన్నగా లిఫ్టెక్కేశాం. హారోలో ఉండే మా వదిన నాతో వచ్చింది. ఆవిడది ఒక్కటే షరతు: "పింగాణీ గదులవైపు మాత్రం లాక్కెళ్లకు, ఇక ఇంటికి వెళ్లలేం."

నా కళ్లు ముందు ఒక ఫోర్కు మీద పడ్డాయి. చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. 1632 నాటిది, మ్యానర్స్ అనే ప్రభువంశానిది. ఇంగ్లండులో హాల్‌మార్కుతో మిగిలిన టేబుల్ ఫోర్కుల్లో ఇదే అన్నిటికన్నా పాతదట. అంతకుముందు అక్కడి దొరలైనా కత్తి, చెంచా, వేళ్లతోనే భోజనం కానిచ్చేవారు. వదిన నవ్వి ఊరుకుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే మోస్టిన్ సాల్ట్. 1586 నాటి ఉప్పు గిన్నె, కానీ గిన్నెలా ఉండదు. బంగారు పూతతో, మూతతో చిన్న గోపురంలా నిలబడి ఉంది. అందులో పట్టే ఉప్పు చారెడు కూడా ఉండదు. దాన్ని యజమాని దగ్గర పెట్టేవారు. దానికి ఎంత దగ్గరగా కూర్చోబెడితే అంత గౌరవం.

తర్వాతి గదుల్లో కథంతా ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లది. 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛను రద్దు చేస్తే, హ్యూగనాట్లనే ఆ ప్రొటెస్టెంట్ల కుటుంబాలు వేలల్లో పారిపోయాయి. వాళ్లలో కంసాలులూ ఉన్నారు. అలాంటి ఇంటి బిడ్డే పాల్ డి లామెరీ. పుట్టింది హాలెండులో, పేరొచ్చింది లండన్‌లో. న్యూడిగేట్ దంపతులకు 1743లో పెళ్లికానుకగా వచ్చిన సెంటర్‌పీస్, అంటే భోజనబల్ల మధ్యలో పెట్టే అలంకార పాత్ర, ఆయన చేసిందే. నడిమధ్య గిన్నె, దాని చుట్టూ కొమ్మల్లా చాచిన చేతులు, వాటి మీద చిన్న పళ్లేలు. పళ్లూ మిఠాయిలూ పెట్టడానికట. ఇంత గొప్ప పనివాడు వెండి మీద సుంకం ఎగ్గొట్టడంలోనూ చెయ్యి తిరిగినవాడే. ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను 1720లో వచ్చింది, దాంతోపాటే దొంగదారులూ వచ్చాయి.

అసలు నోరు తెరిపించింది జెర్నింగ్‌హామ్ వైన్ కూలర్. సీసాలు చల్లబరిచే తొట్టి అని రాశారు గానీ మనిషి అందులో హాయిగా స్నానం చెయ్యొచ్చు. కింద గొలుసు కట్టిన చిరుతలు, పైన ద్రాక్షతీగలు. మ్యూజియంలో ఉన్నది 1884లో ఎల్కింగ్టన్ కంపెనీ తీసిన నకలు. 1730లలో చార్లెస్ క్యాండ్లర్ చేసిన అసలు తొట్టి 200 కిలోల పైచిలుకు వెండి. అంతటిదాన్ని కొనే మొనగాడు దొరక్క, వెస్ట్‌మినిస్టర్ వంతెన కోసం పెట్టిన లాటరీలో బహుమతిగా ఇచ్చేశారు. చివరికది రష్యా చేరింది, ఇప్పుడు అక్కడి హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఆ గదిలో నాకు నచ్చింది ఆ తొట్టి కంటే దాని లాటరీ కథే.

అద్దాల వెనక ఎంత చూసినా గిన్నెల అడుగులు కనిపించవు. అందుకని చాన్సరీ లేన్‌లోని సిల్వర్ వాల్ట్స్‌కి వెళ్లాం. నేల కింద, ఖజానా గది లాంటి తలుపుల వెనక, వరసగా వెండి దుకాణాలు. కొనేలా కనిపించకపోయినా ఒక పెద్దాయన ఓపిగ్గా ఒక పళ్లెం తిరగేసి చూపించాడు. నడిచే సింహం ముద్ర ఉంటే స్టెర్లింగ్, అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. చిరుత తల లండన్ గుర్తు. ఒక అక్షరం ఏ ఏడాదో చెబుతుంది. ఇంకో ముద్ర పనివాడిది. పక్కనే సూదితో గీసినట్టు కొన్ని అంకెలున్నాయి: ఔన్సుల్లో, పెన్నీవెయిట్లలో బరువు. పైన వంశచిహ్నం మనవాళ్లు పెళ్లి సామాను మీద పేర్లు కొట్టించినట్టే ఉంది గానీ, అడుగున ఉన్న ఆ అంకెలే నాకు అసలు సంగతి చెప్పాయి. ఇదంతా ముందు డబ్బు, తర్వాతే గిన్నె. ఫ్యాషన్ మారితే కరిగించి కొత్తది పోయించుకునేవారు. యుద్ధమొస్తే నాణేలయ్యేవి. 1640లలో రాజు మొదటి చార్లెస్ కోసం ఆక్స్‌ఫర్డ్ కాలేజీల వెండి అలాగే కొలిమిలోకి పోయింది. అంతకు ముందువి ఇంత తక్కువగా ఎందుకు మిగిలాయో అప్పటికి అర్థమైంది.

వదిన మాత్రం వంటింటి ప్రశ్నే వేసింది. "వెండి కంచంలో కూర ఇట్టే చల్లారిపోదూ?" పోతుందట. వేడిని అంత వేగంగా లాగేసుకునే లోహం ఇంకోటి లేదు, పైగా దొరల వంటిళ్లు భోజనశాలకు ఎంతో దూరం. అందుకే ఆ మూతలు, కింద దీపం పెట్టే స్టాండ్లు. గ్రేవీ కోసం చుట్టూ వేడినీళ్లు పోసే ఆర్గైల్ అనే పాత్ర. టీ కుండలకు చెక్క పిడులు. ఉప్పు వెండిని తినేస్తుంది కాబట్టి ఉప్పు గిన్నెల లోపల బంగారు పూత, లేదా నీలం గాజు గిన్నె. మూలుగ లాగే సన్నటి రెండు కొసల గరిటె కూడా చూపించాడాయన. నల్లి ఎముకని చప్పరించడమే మనకు తెలుసు, వాళ్లకి దానికీ ఒక వెండి పనిముట్టు కావాలి. ధర చూసి వదిన జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

హైడ్ పార్క్ మూల మీదున్న ఆప్స్‌లీ హౌస్, వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఇల్లు. అందరూ మెట్ల కింద నెపోలియన్ నగ్న విగ్రహం ముందు ఆగుతారు, లేదంటే భోజనబల్ల మీద 8 మీటర్ల పొడవున పరిచిన పోర్చుగీసు వెండి ముందు. నేను వెతికింది దక్కన్ సర్వీస్ కోసం. వెల్లింగ్టన్ అప్పటికింకా ఆర్థర్ వెల్లెస్లీ. 1803లో అస్సయే దగ్గర మరాఠాలతో యుద్ధం గెలిచాక, తన కింద పనిచేసిన దక్కను సైన్యాధికారులు కానుకగా ఇచ్చిన బంగారు పూత వెండి సామాను అది. ఆ యుద్ధంలో ఆయన తరఫున పోరాడినవాళ్లలో ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయిలు, ఆ సైన్యంలో ఉత్తర సర్కారుల తెలుగువాళ్లూ ఉండేవారు. అంతకు నాలుగేళ్ల ముందు శ్రీరంగపట్నం మీదికి వెళ్లినప్పుడు హైదరాబాదు నిజాం పంపిన బలగాన్ని నడిపించిందీ వెల్లెస్లీనే.

ఆ రోజుల్లో పూత అంటే పాదరసంలో బంగారం కలిపి, వెండికి పట్టించి, నిప్పు మీద పాదరసాన్ని ఆవిరి చేయడం. ఆ పొగ పీల్చిన పనివాళ్లు వణుకుతూ, మతి చెడి, తొందరగా పోయేవారు. 1840లో ఎల్కింగ్టన్ విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాకే ఆ పని తగ్గుతూ వచ్చింది. వదిన ఆ బీరువాలోని ప్లేట్ల మెరుపునే చూస్తూ, "వీటిని తోమిందెవరో!" అంది. ఆప్స్‌లీ హౌస్ వారంలో అన్ని రోజులూ తెరవరు, టికెట్ కొనాలి. మొదట చూసిన పెద్ద మ్యూజియం మాత్రం ఉచితం.